స్నార్కు నౌకాయాత్రాగ్రంథములు — ‘మేము’ అను పదముయొక్క యర్థవిచారము

ఒకే యోడలో, ఒకే త్రోవను, ఒకే కాలమునఁ బయనించిన యాలుమగలు వేర్వేఱుగా రెండు గ్రంథములు వ్రాయుట వాఙ్మయమున నరుదు. అమెరికా దేశీయుఁడగు జాక్ లండను (1876–1916) రచించిన ‘స్నార్కు నౌకావిహారము’ 1911 లోను, ఆతని భార్య చార్మియను లండను (1871–1955) రచించిన ‘స్నార్కు దినచర్య’ 1915 లోను వెలువడినవి. రెంటికిని వస్తువు ఒక్కటే. 1907 ఏప్రిలు 23 వ తేదీని కాలిఫోర్నియాలోని ఓక్లండు రేవు విడిచి, హవాయి, మార్క్వెసాసు, తాహితి, సమోవా, ఫీజీ, న్యూహెబ్రిడీసు, సాలొమను దీవుల తీరములవెంట సాగి, 1908 నవంబరులో సిడ్నీ నగరపు ఆసుపత్రిలో ముగిసిన తెరచాపయోడ యాత్ర యది. మొదటి గ్రంథము నేఁటికిని మరల మరల ముద్రింపఁబడుచున్నది. రెండవదానినో, భర్తగ్రంథమునఁ జెప్పక విడిచిన సంగతులు తెలిసికొనుటకుఁ దిరుగవేయుదురే కాని గ్రంథముగాఁ జదువువారు తక్కువ. ఈ యాదరభేదము న్యాయమా యని నిర్ణయించుటకు శైలీగుణములను, అలంకారములను లెక్కింపఁ బనిలేదు. రెండు గ్రంథములయందును బుటపుటను గనఁబడు ‘మేము’ అను చిన్నపదము ఎవరిని జెప్పుచున్నదని యడిగిన చాలును.

పాణినీయమున అస్మచ్ఛబ్దమునకు ద్విత్వమున ‘ఆవామ్’ అనియు, బహుత్వమున ‘వయమ్’ అనియు రూపములు. ఐనను వక్త యొక్కఁడే యైనను, ఇద్దఱైనను బహువచనము వికల్పముగాఁ గలుగవచ్చునని యాచార్యుఁడు ప్రథమాధ్యాయ ద్వితీయపాదమున ననుశాసించియున్నాఁడు. వక్తకు విశేషణము చేరినచో నా బహువచనము పొసఁగదని వార్తికము. అనఁగా ‘మేము’ అనుటలో నొక్కఁడు డాఁగియుండవచ్చును, ఇద్దఱుండవచ్చును, పదుగురుండవచ్చును. విశేషణము తగిలినంతనే తెర తొలఁగి యొంటివాఁడు బయటఁబడును. తెలుఁగున ద్వివచనము లేదు. కాని సంస్కృతమున లేని భేద మొకటి తెలుఁగునఁ గలదు: వినువానిని గలుపుకొన్నచో ‘మనము’, వెలిగా నుంచినచో ‘మేము’. ఇంగ్లీషున ద్వివచనమును లేదు, ఈ భేదమును లేదు. ఆ భాషయందలి యుత్తమపురుష బహువచనము గోనెసంచి వంటిది. ఎవరిని వేసినను బట్టును, ఎవరున్నారో పైకిఁ గనఁబడదు.

వింత యేమనఁగా, స్నార్కు తాఁకిన తీరముల భాషలయందు రెండు భేదములును గూడ నున్నవి. హవాయి భాషలో నీవును నేనును అనుటకు ‘కాఉఅ’, నిన్ను విడిచి మే మిద్దఱము అనుటకు ‘మాఉఅ’. మూవురు మొదలు పెక్కండ్రైనచో నదే క్రమమున ‘కాకొఉ’, ‘మాకొఉ’. తాహితి భాషలో నివియే కకారమునకుఁ దకారము రాఁగా ‘తాఉఅ, మాఉఅ, తాతొఉ, మాతొఉ’ అగును. భార్యతోఁ గూడి పడవ నడుపు తాహా దీవి జాలరి నోరు విప్పినంతనే, తా నెవరినిఁ గలుపుకొని మాటాడుచున్నాఁడో, ఎవరిని విడిచి మాటాడుచున్నాఁడో చెప్పక తప్పదు. ఆ దీవిలో లండను దంపతులకు నాతిథ్య మిచ్చిన తెహెయి, బిహౌర యను నాలుమగలకు వ్యాకరణమే నేర్పిన యీ నిజాయితీ, వారి యతిథులు వ్రాసిన యింగ్లీషునకు సహజముగా లభింపలేదు; రచయితలు శ్రమించి సంపాదింపవలసినదే. ఎవరు సంపాదించిరన్నదే విచారణీయాంశము.

ఈ ప్రశ్న వట్టి శబ్దచర్చ కాకపోవుటకుఁ గారణము ఓడలోనే యున్నది. స్నార్కు రెండు కొయ్యల చిన్న యోడ. నీటిమట్టమున నలువదియైదడుగుల నిడివి. 1906 ఏప్రిలు 18 వ తేదీని శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపము సంభవించుటచేఁ బని వెనుకఁబడి, ఏడువేల డాలర్లలోఁ దేలునన్న వ్యయము ముప్పదివేలకుఁ బ్రాఁకినది. ఆలుమగలు తామిద్దఱే లోకము చుట్టి వత్తురని లోకులు తలఁచినను, ఓడలో నెన్నఁడును ఇద్దఱే లేరు. హవాయినుండి మార్క్వెసాసునకుఁ బోవునపుడు ఏడుగురు: దంపతులు, కప్తాను, యంత్రము చూచు యువకుఁడు మార్టిన్ జాన్సను, డచ్చి నావికుఁ డొకఁడు, జపానువారు ఇద్దఱు. ఈ జాన్సను సయితము తరువాత 1913 లో నీ యాత్రపై నొక గ్రంథము వ్రాసెను. అది యీ చర్చకు దూరము. ‘మేము చాపలు దించితిమి’ అని గ్రంథమునఁ గనఁబడినప్పుడు, దించినవారు ఏడుగురిలో నెవరు? ‘మేము మురిసితిమి’ అన్నపుడు మురిసినవా రెవరు? మొదటిది మాతొఉ కావచ్చును. రెండవది మాఉఅ కావచ్చును. ఇంగ్లీషులో రెండింటికి నొకటే పదము.

భర్తగ్రంథముయొక్క గుణములను దక్కువ చేయరాదు. జాషువా స్లోకము ఒంటరిగా లోకము చుట్టి వచ్చి 1900 లోఁ బ్రకటించిన పుస్తకమును జదివి, ఆలుమగ లిద్దఱును ఈఁతకొలనియొద్ద ముచ్చటించుకొనుటలో నీ యాత్రాసంకల్పము పుట్టినదని యాతఁడే పీఠికలోఁ దెలిపెను. ఆ పీఠిక చదువ నింపు. ఆతఁడు మనుష్యుని సకలోద్యమములకును మూలము హేతువు కాదు, ఇష్టమే యని వాదించును. ‘నా కిష్టము’ అనుదానికి మించిన ప్రమాణ మాతని కక్కఱలేదు. వైకీకీ తీరమునఁ బలకపై నిలిచి కెరటముల నెక్కు క్రీడనుగూర్చిన ప్రకరణమును, మొలొకయి దీవిలోని కుష్ఠరోగుల నివాసమును వెఱపు లేక, వెగటు లేక వర్ణించిన ప్రకరణమును ఆతని రచనలలో నుత్తమశ్రేణికిఁ జెందినవి. కాని గ్రంథము యాత్రాకథనము కాదు. పత్రికలకు వ్రాసిన వ్యాసములను గూర్చి కట్టిన మూట. ఒక్కొక్క వ్యాసమునకు నొక్కొక్క విషయము, ఒక్కొక్క చమత్కారము. రెండు వ్యాసముల నడుమ నోడ యెట్లు సాగినదో, ఆ దినములలో నెవ రేమి చేసిరో పాఠకునికిఁ దెలియదు. సమోవా వంటి ప్రసిద్ధద్వీపము ఇంచుమించుగాఁ జేయి జాఱిపోయినది.

ఇఁక ఆతని యుత్తమపురుషమును బరిశీలింపఁదగును. సంకల్పదశలో ‘చార్మియనును నేనును’ అని ద్వంద్వము స్పష్టముగా నున్నది. ఓడ కట్టించుటకడకు వచ్చుసరికి ‘నేను’ తలయెత్తును. నౌకాగణితమునుగూర్చిన ప్రకరణమున నది గద్దె నెక్కును: ఓడ త్రోవ తీయుట పెద్దమంత్రమని వణికించు కప్తానుల డంబమును వెక్కిరించుచు, పుస్తకములు చూచి సూర్యుని కొలిచి తాను నేర్చిన విధమును ఆతఁడు వినోదముగాఁ జెప్పును. ఫీజీలోని సువా రేవున గప్తానును దిగవిడిచిన పిమ్మటఁ దానే త్రోవ తీసి న్యూహెబ్రిడీసులోని టానా దీవికి నోడను జేర్చుట ‘నేర్వని నావికుఁడు’ అనఁదగు పేరుగల ప్రకరణమున నున్నది. ఓడలోనివారి పుండ్లకు మందు వేయుట ‘చదువని వైద్యుఁడు’ అనఁదగు ప్రకరణమున. వార్తికము ముందే చెప్పినట్లు, విశేషణము చేరఁగానే బహువచనము తప్పుకొన్నది. ప్రమాదము వచ్చినపుడో, ‘మేము’ మరల విచ్చుకొని యోడలోని వారి నందఱను గప్పుకొనును. సంగ్రహముగాఁ జెప్పవలెనన్న, ఈ గ్రంథమున సంకల్పము ద్వివచనము, విద్య యేకవచనము, ఆపద బహువచనము.

ఐనచోఁ జుక్కాని పట్టిన దెవరు? ఉత్తర మాతని గ్రంథముననే యున్నది. కాని లోపల గాదు, అంకితపత్రమున. రేవు చొచ్చునపుడును, విడుచునపుడును, ఇఱుకుదారులయందును, రాత్రియనక పగలనక, ప్రతి సంకటమునను జుక్కాని పట్టినది చార్మియను అనియు, రెండేండ్ల పిమ్మట యాత్ర యాఁగిపోయినపుడు ఆమె యేడ్చినదనియు నందు వ్రాసి గ్రంథమును ఆమె కర్పించినాఁడు. పవడపు దిబ్బల నడుమఁ జుక్కాని పట్టుట యనఁగా నేమో యెఱిఁగినవారికి ఈ యొక్కమాటయే చాలును. నీటి రంగును జూచి లోఁతు కనిపెట్టవలెను. పగడపుఱాయి యోడ యడుగునకు మూరెడు దూరమున నుండఁగా గాలి మాఱిన, ఓడతోఁ గూడ నందఱి ప్రాణములును జుక్కాని పట్టిన చేతిలోనే యుండును. ఇంతటి పనిని జేసినదని యొప్పుకొన్న రచయిత, ఆ పనిని గ్రంథమధ్యమునఁ దగినంత చూపక యేల విడిచెను? దురుద్దేశ మారోపింపఁ బనిలేదు. పుంలింగముతో స్త్రీలింగము కూడినపుడు పుంలింగమే మిగులునని యేకశేషప్రకరణమున విధి. తల్లియుఁ దండ్రియు ‘పితరౌ’ అగుదురు. ఏకశేషమున లోపించునది రూపమే కాని యర్థము కాదని వైయాకరణుల సమాధానము. మిగిలిన పదము ఇద్దఱను జెప్పుచునే యుండును. శాస్త్రమున నది లాఘవము. చరిత్రమునందో, రూపము లోపించినచోఁ గొంతకాలమునకు నర్థమును లోపించును. అంకితపత్రమును దాఁటి చదువుటయే కాని యాఁగి చదువువా రెందఱు?

చార్మియను దినచర్య యీ లోపమును బూరించుటయే కాదు, వేఱొక విధమైన గ్రంథమై నిలిచినది. దానిలోఁ దేదీలున్నవి, గాలి యున్నది, వంట యున్నది, విసుగున్నది. హవాయిలోని హైలో రేవును 1907 అక్టోబరు 7 వ తేదీని విడిచి, డిసెంబరు 6 వ తేదీని నూకుహీవా చేరువఱకు నడిసంద్రమున నఱువది దినములు గడచినవి. వ్యాపారపవనములకు నెదురుగాఁ దూర్పునకుఁ జొచ్చుకొని పోవలసిన యా త్రోవ తెరచాపయోడలకుఁ గడుఁ గష్టమని సముద్రయాత్రామార్గదర్శులే చెప్పుచుండిరి. ఒక రాత్రి గాలివానలో మంచినీటిలో సగము పాఱిపోఁగా, మిగిలినదానిని గొలిచి పంచుకొనవలసి వచ్చెను. భర్త దీని నొక ప్రకరణమున బిగువుగాఁ జెప్పి ముగించెను. కథనమున నది మేలు. భార్య దినము వెంట దినము చెప్పినది. నిర్వాతప్రదేశమున నోడ కదలనినాఁడు ఏమియు జరుగదు. ఏమియు జరుగలేదనియే యామె వ్రాయును. చదువువాఁడు విసుఁగును. ఆ విసుఁగే యాత్ర. చిన్నయోడలో నుష్ణమండలమునఁ దిరుగుట యనఁగా దొంగలును, తిమింగిలములును, తుపానులును గావు. తడియాఱని బట్టలు, ఒకరి మోచేయి యొకరికిఁ దగులు గది, మఱునాఁటికిని మాఱని గాలి. ఆ గదిలోఁ బ్రతిదినమును జాక్ లండను వేయిమాటల లెక్కను వ్రాయుచుండెను. 1909 లోఁ బ్రకటితమైన ‘మార్టిన్ ఈడెను’ నవల యట్లు పుట్టినదే. ఆ వ్రాఁతను యంత్రముపై శుద్ధప్రతి చేసినది చార్మియను. సముద్రమున నుండఁగాఁ బుట్టిన యొక ప్రసిద్ధ నవలకు నెన్ని చేతులు పనిచేసినవో దినచర్య చదివినవారికిఁ గాని తెలియదు.

ఆమె వాడు ఉత్తమపురుషమునకు నిచ్చలు విగ్రహవాక్యము ప్రక్కనే యుండును. ‘జాకును నేనును’ అని విడఁదీసి చెప్పుట యామెకు నలవాటు. ఓడవారందఱును జేసిన పనియైనచోఁ బేర్లు చెప్పును. వంటవాఁడు జబ్బుపడినచో వంటవాఁడే జబ్బుపడును గాని ‘మేము’ జబ్బుపడము. సమోవాలో స్టీవెన్సను సమాధిని జూచుటకు వాయియా కొండ నెక్కుటయు నట్టిదే: ఎక్కినవా రెవరో, ఎవ రలసిరో తెలియును. ఇంగ్లీషునకు లేని ద్వివచనమును ఆమె యోపికతోఁ గట్టుకొన్నది.

దోషములును గలవు, దాఁచుట తగదు. ఏఱికూర్పు ఆమెకుఁ జేతఁగాదు. మెచ్చికోలు మాటలు మితిమీఱినవి. భర్తను జూచి మురియుట యెన్నియో పుటల నాక్రమించినది. ఆతనిపై నామెకుఁ గోపమే రాలేదా యని సందేహింపని పాఠకుఁ డుండఁడు. ఇద్దఱి రూపమును నిలుపుటకై తన రూపమును దానే తగ్గించుకొన్న చోట్లు చాల నున్నవి. ‘నేను’ అని నిలిచి భర్తతో విభేదించు వాక్యము కొఱకు దినచర్యను వెదకుట శ్రమయే. ఆమె స్వహస్తలిఖితములైన దినచర్యలు కాలిఫోర్నియాలోని హంటింగ్టను గ్రంథాలయమున భద్రపఱుపఁబడినవి. అచ్చుప్రతిని వానితోఁ బోల్చి సంస్కరించిన ప్రతి యుండిన, ఈ యనుమానము చాలవఱకుఁ దీఱును.

ఇద్దఱకును సమానమైన దోష మొకటి మలైటా తీరమునఁ బయటఁబడును. సాలొమను దీవులలోఁ బెద్దవానిలో మలైటా యొకటి. 1908 లో దంపతులు తమ యోడను విడిచి, తోఁటలకుఁ గూలీలను గూర్చుకొను మినోటా యను నోడపై నా తీరమునకుఁ బోయిరి. ఆ యోడ పూర్వపు కప్తాను నచటివారు చంపియుండిరి. గది తలుపుపై గొడ్డలిదెబ్బల గుఱుతు లింకను మాయలేదు. మలు అను చోట నోడ పవడపుదిబ్బ నెక్కినది. పడవలలో జనము చుట్టుకొన్నది. భర్త దీనిని దడపుట్టించునట్లు వ్రాసెను, భార్యయు వ్రాసెను. ఇరువురి ‘మేము’ నందును ఓడవారున్నారు, రక్షింప వచ్చినవారున్నారు. తీరమువా రెన్నఁడును లేరు. వారి బిడ్డలను మూఁడేసి యేండ్లు తోఁటలకుఁ గొనిపోవు నోడ దిబ్బ నెక్కినపుడు, వారు కత్తులతో నేల వచ్చిరో యను ప్రశ్నకు వారి నోట నుత్తరము వినఁబడదు. తెలుఁగున నీ ఘట్టమును జదివినచో ‘మేము’ అను పదముయొక్క వెలివేఁత చెవికిఁ గటువుగాఁ దగులును. ఇంగ్లీషున నది తెలియకయే జాఱిపోవును.

ఆ తీరమున వ్యవహారమున నున్న సంకరభాషనుగూర్చి జాక్ లండను ఒక ప్రకరణమే వ్రాసెను. ఇంగ్లీషు మాటలు కొలఁదిగాఁ దీసికొని యేర్పడిన యా భాషను ఆతఁడు వినోదముగాఁ జూచెను. మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ యన్నంతవఱకే యాతని దృష్టి. పదసంఖ్యను బట్టి భాషను దూఁచుట వైయాకరణుఁడు సహింపరాని పని. నేఁడు సాలొమను దీవులలో జనసామాన్యము మాటాడు నా భాషాసంతతియందు, వినువానితోఁ గూడ నైనచో ‘యుమి’, విడిచినచో ‘మిఫాల’. ఇద్దఱే యైనచో ‘యుమితుఫాల’, ‘మితుఫాల’. పదము లింగ్లీషువి, విభజన మాత్రము ఇంగ్లీషున లేనిది, ఆ సముద్రపు భాషలది. మలైటా దీవిలోనే పెక్కేండ్లు పరిశోధన చేసిన రోజర్ కీసింగు 1988 లోఁ బ్రకటించిన గ్రంథమున, ఈ సంకరభాషల వ్యాకరణమునకు నా ద్వీపభాషలే పునాది యని ప్రమాణములతోఁ బ్రతిపాదించెను. దీని సోదరభాష బిస్లామా, 1980 లో స్వతంత్రమైన వనుఆతునకు (పూర్వపు న్యూహెబ్రిడీసునకు) జాతీయభాష. నవ్వులపాలైన యా కూలీభాషలో, జాకును చార్మియనును గలసి తమ యాత్రను ‘మితుఫాల’ యని యొక్కమాటతో సరిగాఁ జెప్పియుందురు. వారి సాహిత్యభాషకు నది చేతఁగాలేదు.

హవాయి దినములు దినచర్యలోఁ జేరలేదు. వానిని జార్మియను వేఱుగాఁ గూర్చి 1917 లో, భర్త పోయిన మఱుసటియేఁడు, ప్రత్యేకగ్రంథముగాఁ బ్రకటించెను. దాని పేరున నుత్తమపురుష బహువచన షష్ఠి యున్నది. దానిని దెలిఁగించువాఁడు ‘మన హవాయి’ యనవలెనా, ‘మా హవాయి’ యనవలెనా? ‘మన’ యన్నచో నమెరికావారి కమెరికా రచయిత్రి చెప్పినట్లగును. 1893 లో రాణిని దింపి, 1898 లో నమెరికా కలుపుకొన్న రాజ్యముపై నా ‘మన’ యనుట చిన్నమాట కాదు. ‘మా’ యన్నచో, పోయిన భర్తయుఁ దానును గలసి తిరిగిన తీరమని యర్థము. వితంతువు వ్రాఁతకు నది తగును. ఆ పేరున రెండర్థములును బెనవేసికొని యున్నవనుటయే సత్యము. ఆ దీవివారి భాషలోనికి మార్చినచో నాలుగు సర్వనామములలో నొకదానిని దెగించి యెన్నుకొనక తప్పదు. ఎన్నుకొన్నంతనే దీవి యెవరిదో తేలిపోవును.

సాలొమను తీరమున మన్యజ్వరము, పుండ్లు ఓడలోని వారిని వదలలేదు. రసకర్పూరపు నీటితోఁ బుండ్లు కడిగి జాక్ లండను చేసిన వైద్యమును ఆతఁడే వ్రాసికొనెను. తుదకు నాతని చేతులు వాచి, చర్మము పొరలుపొరలుగా నూడఁజొచ్చెను. సిడ్నీలో శస్త్రచికిత్స యయ్యెను; యాత్ర యాఁగెను; స్నార్కు అమ్మఁబడెను. ఏడేండ్లనుకొన్న యాత్ర రెండేండ్లైన నిండకయే ముగిసినది. దీనిని భర్త చెప్పు తీరు దేహముయొక్క వృత్తాంతము: ఉష్ణమండలపు వెలుఁగు తెల్లవారి నరములను జెఱచునను నొక సైనికవైద్యుని గ్రంథము తనకు సమాధాన మిచ్చినదని తృప్తిపడెను. నేఁటి వైద్యులు దాని నంగీకరింపరు. భార్య చెప్పు తీరున, పోయినది యిల్లు.

వచనరచనలో భర్త యధికుఁడు. యాత్రను జెప్పుటలో భార్యయే యధికురాలు. తెలుఁగు చేయఁబూనువారు మొదటిదానిని మాత్రమే తీసికొనుట యుచితము కాదు. రెండును దీసికొన్నపుడు, హవాయి గ్రంథమును దినచర్య నడుమఁ దన చోట నిలిపి, ‘మేము’ వచ్చినచోట నెల్ల ‘మే మిద్దఱము’ అనవలెనో, ‘ఓడవార మందఱము’ అనవలెనో సందర్భమును బట్టి నిర్ణయించి, నిర్ణయింపరానిచోట ‘మేము’ అనియే విడువవలెను. భర్తగ్రంథమున నట్టి చోట్లు చాలఁ గలవు. అంకితపత్రమును మాత్రము విడువక మొదటనే యచ్చొత్తింపవలెను.